బాగున్నాను అనేదాకా

ధర్మవరం బస్సులో కిటికీ పక్కన నేను, నా పక్కన ఒక కొత్త పెళ్ళికూతురు, ఆమెను ఆనుకుని వాళ్ళత్త. కదలడానికి సందు లేదు. ఇంటర్నెట్‌లో జర్మన్ నేర్పే అభ్యాసాలు ఎలా ఉన్నాయో చూసి చెప్పడం అప్పట్లో నా పని. నెట్ సెంటర్‌లో ప్రింటు తీసిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని దిద్దుతున్నాను.

"ఇదేమడుగుతాదక్కా?" అంది ఆ అమ్మాయి.

"ఎలా ఉన్నావని. బాగున్నాను అని నొక్కాలి."

"బాగలేకుంటే?"

"ఆ జవాబే పెట్టలేదు. బాగున్నాను అనేదాకా కంప్యూటర్ ముందుకు పోనివ్వదు."

నవ్వుతుందనుకున్నాను. వాళ్ళత్త వైపు ఓసారి చూసింది.

బత్తలపల్లెలో బస్సు ఆగగానే ఒకాయన కిటికీలన్నీ వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె తండ్రి. ఉడకబెట్టిన శెనక్కాయల సంచి ఊచల్లోంచి నా మీదుగా అందించి, "బాగుండావామ్మా?" అన్నాడు.

అత్త మెడ తిప్పి కోడలి వైపు చూసింది.

నా ఒళ్ళోని కాగితం ఆ అమ్మాయి గుప్పిట్లో నలిగిపోయింది. "బాగుండా నాయనా."

బస్సు కదిలింది.

"బాగాలేను" అనే జవాబు కూడా పెట్టండని ఆ అభ్యాసం కింద రాసి, అది తయారుచేసినవాళ్ళకు పంపాను. మొదటి పాఠంలోనే అదెందుకన్నారు.