నయమైపోయిన మనిషి మంచం

2014వ సంవత్సరం. దుబాయ్‌లో అల్ కుసైస్. అప్పటికి నేను హోమ్ కేర్ నర్సుగా చేరి ఐదేళ్ళు. హోమ్ కేర్ అంటే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసిన రోగుల దగ్గరికి మేమే వెళ్ళడం. పుళ్ళకు డ్రెస్సింగ్ మార్చడం, ట్యూబులు చూడడం, రోగిని ఎలా ఎత్తాలో ఎలా తిప్పాలో ఇంట్లోవాళ్ళకు నేర్పడం మా పని. మాది నరసాపురం దగ్గర. మా చర్చి వీధిలో ఇంటికో నర్సు ఉంటుంది, మాటకారితనం మాత్రం ఇంటికి నలుగురికి ఉంటుంది. నాకు పని మీద ఉన్న అదుపు నోటి మీద లేదని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఈ సంగతి ఆ నోటి గురించే.

మల్లేశంగారికి అప్పుడు నలభై నాలుగేళ్ళు. జగిత్యాల వైపు మనిషి, ఏసీ పనుల కంపెనీలో ఫోర్‌మన్. ఆయనకొచ్చింది మోటార్ న్యూరాన్ డిసీజ్. కండరాలకు పని చెప్పే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆపైన మాట, మింగడం, చివరికి ఊపిరి. తెలివి మాత్రం చెక్కుచెదరదు. మందు దాన్ని కాస్త నెమ్మదిస్తుందేమో గానీ నయం చేయదు. నేను వెళ్ళేసరికి ఆయన మాట ముద్దైపోయింది. ఆయన ఏమన్నా అర్థమయ్యేది భార్య సుజాత ఒక్కదానికే. ఆయన అనడం, ఆమె మాకు తిరిగి చెప్పడం. మొదటి రోజు నేను గడగడా జాగ్రత్తలన్నీ చెప్పేస్తుంటే ఆయన ఏదో గొణిగాడు. ఏమిటని అడిగాను.

“గోదారోళ్ళకు మాట ముందు, పని ఎనకనా అంటున్నడు సిస్టర్,” అంది సుజాత సిగ్గుపడుతూ.

పకపకా నవ్వాను. ఆయన మొహంలో కదిలే సగమూ నవ్వింది. ఆ రోజే ఆ ఇల్లు నాకు దగ్గరైంది.

బయటివాళ్ళకు తెలియని విషయం ఒకటి చెప్పాలి. ఆస్పత్రిలో అయ్యే ఖర్చు కంపెనీ ఇన్సూరెన్స్ చూసుకునేది, ఇంట్లో అయ్యే ఖర్చు ఇల్లే చూసుకోవాలి. ఈ జబ్బు నడిచేదంతా ఇంట్లోనే. గొంతులో కఫం లాగే సక్షన్ మెషిన్, కడుపులోకి వేసిన గొట్టం గుండా కలిపి పోసే పాలపొడి, ఒళ్ళు పుండు పడకుండా గాలిపరుపు, ఇవన్నీ కొనుక్కోవలసినవే. నన్ను వారానికి ఒక్కసారే పిలిపించుకోగలిగేవారు. సుజాత చుట్టుపక్కల రెండు బిల్డింగుల బ్యాచిలర్లకు జొన్నరొట్టెలు, కూరలు చేసి పంపేది. తొమ్మిదో తరగతి చదివే కూతురి స్కూలు ఫీజు ఆ రొట్టెల మీదే నడిచేది. వాళ్ళకు ఆస్తి అంటూ ఉన్నదల్లా కరీంనగర్‌లో రెండు వందల గజాల జాగా. రేపు ఈయన లేకపోయినా బిడ్డ చదువుకు, తలదాచుకోవడానికి అదే ఆధారం.

అన్నిటికంటే పెద్ద చిక్కు పడక. ఊపిరి కండరాలు బలహీనమైతే మనిషి వెల్లకిలా పడుకోలేడు, తలవైపు ఎత్తుగా ఉండాలి. మామూలు మంచం మీద ఎన్ని దిండ్లు పెట్టినా ఆయన కిందికి జారిపోయేవాడు. దాంతో సోఫాలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా సుజాత పట్టుకుని కూర్చునేది. అలా మూడు నెలలు ఇద్దరికీ నిద్ర లేదు. రిమోట్‌తో తలవైపు లేచే హాస్పిటల్ బెడ్ కావాలి. కొత్తది కొనడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

అదే వారం షార్జాలో నేను చూస్తున్న ఒక కేరళ పెద్దాయన పోయారు. పక్షవాతం. ఆయన కొడుకు ఫోన్ చేసి, “సిస్టర్, నాన్న మంచం ఎవరికైనా పనికొస్తే తీసుకెళ్ళండి, పైసా వద్దు,” అన్నాడు. ఆ బాబు చల్లగా ఉండాలి. పఠాన్ పికప్ వాడిని మాట్లాడి శనివారం పొద్దున్నే మంచం అల్ కుసైస్‌లో దింపించాను. ఇద్దరు మనుషులు గదిలో మల్లేశంగారి పక్కనే మరలు బిగిస్తున్నారు. సుజాత వాళ్ళకు చాయ్ పెడుతూ వంటగదిలోకి నన్ను పిలిచింది.

“సిస్టర్, గీ మంచం ఎవరిది? గాయన ఎట్లున్నడు ఇప్పుడు? ఏమనుకోకు, మా దిక్కు సచ్చిపోయినోళ్ళ చాప గూడ ఇంట్ల ఉంచం.”

నిజం చెబితే మంచం వచ్చిన దారినే తిరిగిపోతుంది. ఈవిడ మళ్ళీ సోఫా పక్కన కూర్చుంటుంది. నా నోరు నన్ను అడగలేదు.

“అయ్యో, ఆయనకేం! నయమైపోయిందమ్మా. నడుచుకుంటూ కేరళ వెళ్ళిపోయాడు.”

ఆమె మొహం వెలిగిపోయింది. మంచానికి పసుపునీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, ఆయన్ని పడుకోబెట్టింది. ఆ వారంలోనే ఆయన కళ్ళ కింద నలుపు తగ్గింది. మంచిపని చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం నేను ఆయనకు ట్యూబు శుభ్రం చేస్తుంటే సుజాత సంతోషంగా వచ్చింది. మన దేశంలో ఎవరో ఒకాయన ఈ జబ్బుకు ఇంజెక్షన్లు ఇస్తున్నాడట. ఆరు పడితే మనిషి లేచి నడుస్తాడట. ఆ ఖర్చు కోసం జాగాకు బేరం కుదిరింది. ఆదివారం కాన్సులేట్‌కు వెళ్ళి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, అంటే మా తరఫున నువ్వు సంతకం పెట్టమని కాగితం రాసిస్తే, ఊళ్ళో తమ్ముడు రిజిస్ట్రేషన్ చేసేస్తాడు.

“అలాంటివి నమ్మకూడదమ్మా, డాక్టరుగారు ఏం చెప్పారు?” అన్నాను.

“ముందుగాల నేను గూడ నమ్మలే సిస్టర్. గానీ గీ మంచం మీది ఆయన మంచిగైండు గద, నువ్వే చెప్తివి. ఆయన గూడ గవే ఇంజెక్షన్లు తీస్కున్నడేమో. జర నంబరియ్యి, మాట్లాడ్త.”

“చూసి పంపిస్తానమ్మా,” అన్నాను. అది రెండో అబద్ధం. మంచం మీంచి మల్లేశంగారు నన్నే చూస్తున్నారు. ఏదో అనబోయారు గానీ కఫం అడ్డుపడి దగ్గు వచ్చింది. కింద మా కంపెనీ వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. పారిపోయినట్టే వచ్చేశాను.

ఇక్కడ వారం సెలవు శుక్రవారం, మా చర్చి కూడా ఆ రోజే. మోకాళ్ళ మీద కూర్చున్నాను గానీ ప్రార్థన రాలేదు. అబద్ధమాడిన నోటితో దేవుణ్ణి ఏమడగను? ఆదివారం ఆమె సంతకం పెడుతుంది, జాగా పోతుంది. ఆ ఇంజెక్షన్లు ఆయన్ని లేపవని నాకు తెలుసు. ఆ తర్వాత తల్లీబిడ్డలు ఎక్కడుంటారు? ఆరాధన ముగియకముందే లేచి, చర్చి చీరతోనే టాక్సీ ఎక్కాను.

సుజాత రొట్టెలు తడుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను.

“సుజాతా, ఆ మంచం ఆయనకు నయం కాలేదు. చనిపోయాడు. ఆయన జబ్బు కూడా ఇది కాదు, పక్షవాతం. నువ్వు వద్దంటావని అబద్ధం చెప్పాను. నా అబద్ధం నమ్మి జాగా అమ్మకమ్మా.”

పెనం మీద రొట్టె మాడుతోంది. పిండి చేతులతోనే లేచింది.

“సచ్చిపోయినోని మంచం మీద నా మొగన్ని పండవెట్టినవా? నీకు మనసెట్లొచ్చింది సిస్టర్? నువ్వు గూడ ఆడిదానివేనా? నడువ్. మా ఇంట్లకెళ్ళి నడువ్!”

తిట్టాల్సిన తిట్లే. తలొంచుకుని గుమ్మం దాకా వెళ్ళాను. గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. “నువ్వు ఊకో!” అని సుజాత అరిచింది. ఆయన ఊరుకోలేదు. మళ్ళీ అన్నాడు. ఆమె గది గుమ్మంలో నిలబడిపోయింది.

“ఏమంటున్నారమ్మా?”

నా వైపు చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పింది. “మంచం వచ్చిన దినమే ఎరుకనంటున్నడు.”

నేను వంటగదిలో కథ అల్లుతున్నప్పుడు, మరలు బిగించిన మనుషులు ఆయన పక్కనే హిందీలో మాట్లాడుకున్నారట, పాపం ముసలాయన దీని మీదే పోయాడని. ఇరవయ్యేళ్ళు సైట్ల మీద పనిచేసిన మనిషికి హిందీ రాకపోతుందా! ఆ సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు.

“మరి నాకెందుకు చెప్పలే?” అంది సుజాత.

ఆయన ఊపిరి తీసుకుంటూ, ఆగి ఆగి చెప్పాడు. ఆయన ఆగిన చోటల్లా ఆమె నాకు తిరిగి చెప్పింది. నా మీద కోపం చూపించడానికి కూడా ఆమెకు తీరిక లేదు, ఆయన మాట చేరవేయాలి కదా.

“చెప్తే వాపసు పంపిస్తవని అంటున్నడు... నీకు నిద్ర వడ్తున్నదని... మూడు నెలలు నా తల పట్టుకోని కూసున్నవ్... గీ మంచమొచ్చినంకనే నువ్వు పండుకున్నవ్...” చేతి పిండి మొహానికి అంటుకునేలా ఏడ్చింది. ఆయన ఇంకోమాట అన్నాడు. వెక్కుతూనే చెప్పింది. “జాగ అమ్మకంటున్నడు అక్కా, ముందుగాల గూడ అన్నడు, నేనే ఇనలే. జాగ బిడ్డదంటున్నడు.”

సిస్టర్‌ని కాస్తా నేను అక్కనైపోయింది ఎప్పుడో ఆమె గమనించలేదు. నేనూ ఏడుస్తున్నాను. మల్లేశంగారు నన్ను చూసి మళ్ళీ ఏదో గొణిగారు. సుజాత కళ్ళు తుడుచుకుంది.

“గోదారోళ్ళ మాట నమ్మొద్దంటున్నడు. కూసో అక్కా, రొట్టె తిని పో.”

ఆదివారం ఆమె కాన్సులేట్‌కు వెళ్ళలేదు. ఇంజెక్షన్లు లేవు, అద్భుతాలూ లేవు. వాళ్ళ కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, మాత్రం మంచివాడు. కూతురు పదో తరగతి పరీక్షలు రాసేవరకు మల్లేశంగారి వీసా, ఇన్సూరెన్స్ ఆపలేదు. రెండు బిల్డింగుల బ్యాచిలర్లు వంతులేసుకుని వచ్చి ఆయనకు స్నానం చేయించేవారు. నేను సెలవు రోజున కూడా వెళ్ళేదాన్ని, రొట్టె కోసమని చెప్పుకునేదాన్ని.

2016లో వాళ్ళు వీసా, ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోతున్నప్పుడు మంచం షార్జాలో ఒక శ్రీకాకుళం కుటుంబానికి ఇప్పించాను. వాళ్ళ అమ్మకు పార్కిన్సన్స్. సుజాత పికప్‌లో నాతో వచ్చింది. మంచం దించుతుంటే ఆ ఇంటి కోడలు మెల్లగా అడిగింది.

“ఇది ఎవరిదండీ? వాళ్ళు ఎలా ఉన్నారిప్పుడు?”

నేను నోరు తెరవబోయాను. సుజాతే ముందుకొచ్చింది.

“మా ఆయనదమ్మా. మంచిగ కాలే, కాదు గూడ. అంతకుముందు కేరళ పెద్దాయనది, ఆయన పోయిండు. గీ మంచం మీద మా ఆయన కంటినిండ నిద్రవోయిండు. ఆయనతోని నేను గూడ.”

అని, రిమోట్ ఆ పిల్ల చేతిలో పెట్టి తలవైపు ఎలా లేపాలో చూపించింది.

మల్లేశంగారు సొంతూళ్ళో ఇంకో ఎనిమిది నెలలు బతికారు. ఆ జాగా ఇప్పటికీ బిడ్డ పేరు మీదే ఉంది. రోగిని తేలికపరచడానికి చెప్పే అబద్ధం ఇంట్లోవాళ్ళ నెత్తిన ఎంత బరువవుతుందో నాకు ఆ ఇల్లు నేర్పింది. నిజాన్ని మోసే శక్తి వాళ్ళకు నేననుకున్నదానికంటే ఎక్కువని కూడా నేర్పింది. ఈ 2019 నాటికి ఆ మంచం నాలుగో ఇంట్లో ఉంది. ఎవరిదని అడిగిన ప్రతిసారీ దాని మీద పడుకున్నవాళ్ళందరి పేర్లూ వరసగా చెబుతాను, పోయినవాళ్ళను పోయారనే చెబుతాను. వద్దన్నవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు.