చంపినవాడు మొదటినుంచీ ఉండాల

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో నన్ను ముదిగుబ్బ మండలంలోని ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. నా హోదా మూడవ శ్రేణి గ్రంథపాలకుడు. అంటే తలుపు తీసేదీ, దుమ్ము దులిపేదీ, పుస్తకం ఇచ్చి సంతకం తీసుకునేదీ నేనే. శుక్రవారం సెలవు. పుస్తకాలు జిల్లా కేంద్రం నుంచి వస్తాయి. వాటికి పరిగ్రహణ సంఖ్య, అంటే గ్రంథాలయ సొత్తని తెలిపే అంకె, వేసి బీరువాలో పెట్టడం మా పని. లోపల ఏముందో చదివి చూడమని ఏ నిబంధనా లేదు. ఆ మాట నేను గట్టిగానే చెప్పేవాణ్ణి.

అక్కడ డిటెక్టివ్ నవలలు తీసుకుపోయేవాళ్లలో ముఖ్యురాలు సరోజమ్మ. మా వైపు వాన పడకముందే విత్తనం శెనక్కాయలు ఒలిచి పెట్టుకోవాలి. మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, పగిలిన పప్పు మొలవదు. అందుకని ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చేత్తోనే ఒలుస్తారు. ఎవరెంత ఒలిస్తే అంత కూలి. సరోజమ్మ బొటనవేలు ఎప్పుడో కొడవలికి తెగి వంగదు కాబట్టి ఒలవలేదు. పదో తరగతి చదివింది గనక వాళ్లకు నవలలు చదివి వినిపించేది. బదులుగా సాయంత్రం అందరూ తలా ఒక దోసెడు పప్పు ఆమె చాటలో పోసేవాళ్లు. ఆ దోసిళ్లను కొలిచి ఆమెకూ కూలి కట్టేవాళ్లు.

ఆ ఏడు ఆమె మొదలుపెట్టిన నవలలో ఒక షావుకారు హత్య. చంపింది రెండో పెళ్లామని సగం మంది, బావమరిదని సగం మంది. చివరి అధ్యాయంలో, అంతవరకూ కథలో లేని మనిషి ఒకడు రైలు దిగి నేరం ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె చాటలో ఎవరూ పప్పు పోయలేదు.

మరునాడు పుస్తకం నా బల్ల మీద దబ్బున పడింది.

“ఏం సార్ ఇది? ఇన్నాళ్లూ ఆయమ్మని తిట్టి, ఈయప్పని తిట్టి సస్తిమి. కడాకు ముక్కూమొగం తెలీనోడు వచ్చి నేనే చంపినా అంటే ఎట్ల? ఓబులమ్మ నా మొగాన ఊసినంత పని చేసింది. ఒలిస్తే ఒలువు, లేకుంటే ఇంటికి పో అనింది.”

ఓబులమ్మ ఆ గుంపులో పెద్దావిడ, ఆమె మాటే మాట. నేను పుస్తకం ఇచ్చేవాణ్ణేగానీ పూచీ పడేవాణ్ణి కాదన్నాను.

“మరి ఎవురు పడల్ల సార్ పూచీ?” అంది. నాకు ఒళ్లు మండింది.

ఆమె ఇంకో నవల తీసుకుని, ఈసారి చివరి అధ్యాయం అక్కడే నిలబడి చదివేసింది. నేరస్థుడు మొదటినుంచీ ఉన్న డాక్టరే. సంబరంగా పోయింది. రెండో రోజుకే తిరిగొచ్చింది. డాక్టరు పేరు వచ్చినప్పుడల్లా గొంతు దిగిపోతోందని ఓబులమ్మ పసిగట్టిందట, కథ అక్కడితో చచ్చింది. ఇంకొక్క పుస్తకమే వింటామని చెప్పి పంపారు.

“మీరు చదవండి సార్. ఎవుడో నాకు చెప్పొద్దు. మొదట్నుంచి ఉండాడా లేదా, అంతే చెప్పండి. అంతవరకూ నేను ఈడ్నుంచి కదిలేది లేదు.”

అన్నంత పనీ చేసింది. తాళం వేసే వేళకు శుక్రవారం చదువుతానని మాటిస్తే గానీ మెట్లు దిగలేదు. సెలవు రోజున నాకీ ఖర్మేమిటని విసుక్కుంటూనే మూడు నవలలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటిదాంట్లో ఉన్నట్టుండి కవల తమ్ముడు ఊడిపడ్డాడు. రెండోది అంతా కలట! విసిరికొట్టాను. మూడోది పట్టుకున్నాక అన్నం చల్లారిపోయినా లేవలేకపోయాను.

“ఉన్నాడు. మొదటి అధ్యాయంలోనే మాట్లాడాడు,” అన్నాను మరునాడు సరోజమ్మ రాగానే.

“సాలు సార్, ఇంక నోరు తెరవద్దండి,” అని నా మొహం చూడకుండా పుస్తకం తీసుకుపోయింది.

కథ ముగిసే రోజు ఉండబట్టలేక నేనూ వాళ్లు ఒలిచే రేకుల షెడ్డుకు వెళ్లాను. సరోజమ్మ గొంతు ఎక్కడా తొణకలేదు. చంపింది ఇంటి గుమాస్తా అని తేలింది. అంతమందిలో ఒక్కరూ అతణ్ణి అనుమానించలేదు. ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

“ఓరి వీని దుంప తెగ!” అంది ఓబులమ్మ. “మన కండ్లముందరే తిరుగుతాండె గదమ్మే! ఆ పొద్దు తాళంచెవి వాని మొలలోనే ఉండె. నేనే కనుక్కోలేకపోతి.” నవ్వుతూనే రెండు చేతులా పప్పు తీసి సరోజమ్మ చాటలో పోసింది. మిగతావాళ్లూ పోశారు. తాళంచెవి ఉన్న అధ్యాయం రేపు మళ్లీ చదవమన్నారు.

మూడో నవలలోనూ వాళ్లు ఊహించిందంతా తప్పే. అయినా ఎవరికీ కోపం రాలేదు. పాఠకులు ఓడిపోవడానికి సిద్ధంగానే ఉంటారనీ, మోసపోవడానికి మాత్రం ఒప్పుకోరనీ నేను అక్కడ తెలుసుకున్నాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా చివరి అధ్యాయం నేను చదవకుండా ఏ డిటెక్టివ్ నవలా ఎవరికీ ఇవ్వలేదు. ఆ నిబంధన ఇప్పటికీ ఎక్కడా రాసి లేదు. బాధ్యతలు అప్పగించేటప్పుడు, కొత్తగా వచ్చినాయనకు తాళాల కంటే ముందు ఆ సంగతే చెప్పాను.