నిదానం చూసిన చుక్క

డిపోలో అందరూ ఆయన్ని నిదానం అనే పిలిచేవారు. ఆయన నడిపే బస్సులో ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్ల కూడా ఉలిక్కిపడేది కాదు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటి డాబా ఎక్కి కాసేపు ఆకాశంలోకి చూసేవాడు. చూసేవాళ్ళకి అది సరదా. ఆయనకి మాత్రం భయం.

ఆయన తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. సరిగ్గా నిదానం ఇప్పుడున్న వయసులోనే చూపు పోయింది. ముందు పొద్దువాలాక కనపడటం మానేసింది, తర్వాత పగలు కూడా. చివరి రోజుల్లో లేని దీపాలు కనపడేవి. "ఆ మూల దీపం ఆర్పండ్రా" అని చీకటి గదిలో విసుక్కునేవాడు. అందుకే నిదానం ఒక చుక్కను ఎంచుకున్నాడు. అన్నిటికన్నా కాంతిగా, కాస్త నీలంగా, చలి వేసినట్టు వణికే చుక్క. అది కనపడినంతకాలం తన బస్సెక్కేవాళ్ళకు భయం లేదని ఆయన నమ్మకం. కంటి డాక్టరు చెప్పేది డిపో మేనేజరు దాకా పోతుంది. చుక్క ఎవరితోనూ చెప్పదు.

చలికాలంలో అది తూర్పున, ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద కనపడేది. ఎండలు ముదిరేసరికి పడమటికి జరిగి, టైర్ల కొట్టు రేకుల మీదికి పక్షిలా వాలసాగింది. ఒక సాయంత్రం లేదు. మబ్బూ లేదు. మర్నాడూ లేదు.

"చుక్కలు మాయమైపోతాయంటావా, బావా?" అని తన బస్సు కండక్టరునే అడిగాడు.

"పెళ్ళైనవాడివి, నీకు పట్టపగలే కనపడాలి కదా" అన్నాడు కండక్టరు చిల్లర సర్దుకుంటూ.

ఆయన నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆ సాయంత్రం భార్య డాబా మీద కూర్చుని, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"ఏమే, రేకుల మీద ఆ చుక్క ఉందా?"

ఆమె తల ఎత్తి, దించింది. "ఉందిగా, అక్కడే."

ఆకాశం ఆయన ఒక్కడికే ఆరిపోయింది.

మర్నాడు మేనేజరుతో నడుంనొప్పని చెప్పి గేటు డ్యూటీ అడిగి తీసుకున్నాడు. కండక్టరు నమ్మలేదు. "నువ్వు నడిపితే ఇంజనుకే నడుంనొప్పి రాదు, నీకెలా వచ్చింది బావా?" అన్నాడు. నిదానం రోజూ తెల్లారకముందే గేటు తీసి నిలబడి, తన బస్సును వేరొకరు కుదిపి కుదిపి తీసుకుపోతుంటే చప్పుడు వినేవాడు.

వానలు పట్టాయి. ఒక వేకువన మబ్బు విడిపోయింది. బస్సులు కడిగే షెడ్డు మీద, తూర్పున, చుక్క. అదే నీలం, అదే వణుకు. పడమట మునిగింది తూర్పున ఎలా తేలింది? తండ్రి చూసిన దీపాలు గుర్తొచ్చి ఆయన గేటు ఊచ పట్టుకున్నాడు. కనపడకపోవడం ఒక భయం, కనపడటం ఇంకో భయం. రెండిట్లో ఏది నిజమో, తన కళ్ళు తనవో తండ్రివో, అంతా కలగాపులగం.

సెలవు రోజు చీకటితోనే భార్యని లేపి డాబా మీదికి తీసుకొచ్చాడు. వేలు ఎటూ చూపించలేదు.

"చుక్క ఉందా?"

"ఉందిగా, అక్కడే" అంది ఆవులిస్తూ, టైర్ల కొట్టు వైపు తిరిగి.

"అక్కడంటే?"

"మీరెప్పుడూ చూసేచోటే."

"సరిగ్గా చూసి చెప్పు."

చాలాసేపు చూసింది. "ఏం లేదండీ."

"మరి ఎండాకాలంలో అడిగితే ఉందన్నావు?"

"చేతినిండా పనుంది. లేదంటే వెతకమంటారని ఉందన్నా."

ఆయన పిట్టగోడ మీద కూలబడి అంతా చెప్పాడు. తండ్రి సంగతి, గేటు సంగతి.

"అయితే నడుంనొప్పి లేదా?" అందామె. "ఇన్నాళ్ళూ నాచేత నూనె రాయించుకున్నారు కదండీ."

ఆయన తల వంచుకున్నాడు. ఆమె కోపంగా ఎదురింటి ట్యాంకు వైపు తిరిగింది, అలాగే ఆగిపోయింది.

"ఇదేనా? నీలంగా వణుకుతోందే, ఇదేనా?"

రంగు ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"అదే అనుకుంటా."

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళింది?"

"నాకేం తెలుసు."

తూర్పు తెల్లబడింది. చుక్క పలచనై, వెలుగులో కలిసిపోయింది. ఎండాకాలం సాయంత్రాల్లోనూ ఇలాగే పొద్దు వెలుగులో కలిసిపోయిందేమో అనిపించింది ఆయనకి.

"ఇప్పుడు కనపడుతోందా మీకు?"

"లేదు. నీకు?"

"నాకూ లేదు."

ఆయన ఊపిరి పీల్చుకుని లేచాడు. ఏదీ పూర్తిగా అర్థం కాలేదు, అయినా కాళ్ళు తేలికయ్యాయి. "ఇవాళ కంటి డాక్టరు దగ్గరికి పోదాం. ఏం చెబితే అదే మేనేజరుకి చెబుతా. నువ్వూ రా."

"నేనెందుకు?"

"లేని చుక్క కనపడింది నీకే కదా."