మొక్కు పొట్టేలు

మా మేనమామ ఎవరింటికి పోయినా చెప్పులు విడవకముందే "బాత్రూం యాడుందమ్మా?" అని అడిగేవాడు. చిన్నప్పటి నుంచి తిరిగిన మా ఇంట్లో కూడా అడిగేవాడు. తర్వాత తలుపు పక్కనే కూర్చునేవాడు.

పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, మలం పోయేందుకు పొట్టకు సంచి తగిలించారు. అది తీసి పేగు మళ్లీ కలిపితే పొట్టేలును కోస్తామని జమ్మలమడుగులో అమ్మవారికి అత్త మొక్కుకుంది. ఆ పొట్టేలును మామే పిల్లప్పటి నుంచి మేపాడు.

సంచి తీసిన రెండు నెలలకు మొక్కు తీర్చారు. మామను భోజనాల బంతి నడిమధ్య కూర్చోబెట్టాం. మా వైపు అందరూ తినేదాకా బంతిలోంచి ఎవరూ లేవరు. మామ రెండుసార్లు లేచి పరిగెత్తాడు. మూడోసారి లేచేలోపే పంచె తడిసింది. అందరూ తలలు వంచుకుని గబగబా తిన్నారు. ముక్కు మూసుకున్నా బాగుండేది.

ఆరు నెలల్లో సర్దుకుంటుందని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పాడు. రెండేళ్లయినా సర్దుకోలేదు.

ఒకసారి పులివెందులలో పెళ్లికి పోయాం. భోజనాలకు పిలిస్తే మామ కదల్లేదు.

"పొద్దున ఏమన్నా తింటివా మామా?" అన్నాను.

"నిన్న మధ్యాన్నం తిన్నా పాపా. బయటికి రావాలంటే ఒకరోజు ముందు నుంచే కడుపు మాడ్చుకోవాల."

బంతుల వైపు కాసేపు చూశాడు.

"సంచి ఉన్నెప్పుడన్నా నలుగురితో కూచ్చొని తింటి. అది తీసినందుకు పొట్టేలును కోస్తిమి. పాపం, ఊరికే సచ్చిపాయ."