వినగడపకు ఎనిమిది మంది, ఒక కెమెరా

తిరువూరు ఫొటో క్లబ్బులో నేను చేరిన మూడో వారమే ప్రయాణం పడింది. ఎనిమిది మంది సభ్యులం, ఒకటే డబ్బా కెమెరా. రీలుకు ఎనిమిది ఫొటోలు గనక మనిషికి ఒక్కటే వంతు. తీసినవాడే కీ తిప్పి రీలును తరువాతి అంకెకు జరపాలన్నది క్లబ్బు పెద్ద, హైస్కూలు డ్రిల్లు మాస్టారి నియమం. కెమెరా వెనక ఎర్రటి కంతలో ఆ అంకె కనిపిస్తుంది. మనుషుల్ని నిలబెట్టి తీయడం స్టూడియో వాళ్ల పని అని కూడా ఆయనే అనేవారు.

ఆదివారం కిరాణా కొట్టు తమ్ముడికి అప్పగించి, ఉదయం ఆరున్నరకు అందరితోపాటు గంపలగూడెం బస్సెక్కాను. పక్కన కూర్చున్న గేదెల బేరగాడు మా పెట్టెలో మందులున్నాయా అని అడిగాడు. ఫొటోలు తీసేదని చెప్పగానే ఆసక్తి పోయి నిద్రపోయాడు. ఎనిమిది కాకముందే వినగడపలో దిగి, పాకహోటల్లో ఇడ్లీ, అల్లం పచ్చడి తిన్నాం. అందరూ నాలుగేసి తింటే నేను ఆరు తిన్నాను.

మధ్యాహ్నం దాటేసరికి ఆరుగురి వంతులు అయ్యాయి. ఒకాయన ఊరి పక్క ఏటి ఒడ్డున కొంగ కోసం గంటసేపు కాచి, అది ఎగిరిపోయాక ఉత్త నీళ్లను తీశాడు. ఏడో వంతు మాస్టారిది. ఏట్లో నీళ్లు తాగుతున్న ఎద్దుల జతను తీసి, మురిసిపోతూ కెమెరా నా చేతిలో పెట్టారు.

నేనేం తీయాలా అని ఊళ్లో తిరుగుతుంటే సీతమ్మ అనే పెద్దావిడ మమ్మల్ని మజ్జిగకు పిలిచింది. నాకు చెంబు అందిస్తూ గొంతు తగ్గించింది.

"పెళ్లై నలభై ఏళ్లండి. పెళ్లాం పక్కన నిలబడ్డం నామోషీ అని మా ఆయన ఒక్క ఫొటో దిగలేదు. ఇవాళెందుకో సరేనన్నాడు. మళ్లీ అనడు."

మాస్టారు ముఖం చిట్లించారు. వంతు నాది కదా అని ధైర్యం చేశాను. ఆమె భర్త పుల్లయ్యగారు ఉతికిన చొక్కా తొడుక్కొచ్చి, ఆమెకు బారెడు దూరంలో నిలబడి ఎటో చూశారు. నొక్కేశాను. అదే ఆఖరి ఫొటో గనక ఇక కీ తిప్పే పని లేదనుకున్నాను.

తిరుగు బస్సు ఐదింటికి. నాలుగున్నరకు రోడ్డు మీద, రీలు తీద్దామని కంతలోకి చూస్తే ఎనిమిది ఉండాల్సిన చోట ఏడు ఉంది. మురిపెంలో మాస్టారు కీ తిప్పలేదు. పెద్దాయన ఇచ్చినదాన్ని సరిచూడటం మర్యాద కాదని నేనూ చూడలేదు. ఒకే ఫొటోలో పుల్లయ్యగారూ సీతమ్మగారూ వెళ్లి ఎద్దుల మీద పడ్డారు.

ఎనిమిదో ఫొటో మిగిలే ఉంది గానీ ఆయన్ని మళ్లీ ఒప్పించేదెవరు? పైగా బస్సు తప్పిపోతుంది. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన కాసేపు ఎద్దుల కోసం బాధపడి, "పదండి" అన్నారు.

ఊళ్లోకి మళ్లేసరికి పుల్లయ్యగారే ఎదురొచ్చారు. ఒంటిమీద ఇంకా ఆ చొక్కానే ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"ఇందాక దూరంగా నిలబడ్డానండి. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, చిన్నబుచ్చుకుంది. ఇంకొకటి తీస్తారా?"

ఈసారి సీతమ్మగారి భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఆమెకు నవ్వు ఆగలేదు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. కీ తిప్పి, ఎనిమిది అంకె రెండుసార్లు చూసుకుని మరీ నొక్కాను. రోడ్డు మీద బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

తిరువూరు వెళ్తున్న ఖాళీ ఎడ్లబళ్లు రెండు దొరికాయి. వినగడప వెళ్లదలచినవారికి నేను చెప్పేది ఒకటే. ఐదింటి బస్సు ఠంచనుగా వస్తుంది, కెమెరా ఎంతటివారిచ్చినా అంకె చూసుకోండి. దారి పొడుగునా ఎవరో ఒకరు ఎద్దుల మాటెత్తి నవ్వుతూనే ఉన్నారు, మాస్టారు తప్ప. ఊరి దీపాలు కనిపించాక ఆయన నా పక్కకు జరిగారు.

"వచ్చే ఆదివారం మా ఆవిణ్ణి తీసుకొస్తానోయ్. నీ వంతులో మా ఇద్దరికీ ఒకటి తీసిపెడతావా?"