పాల దగ్గర కాపలా

దుమ్ముగూడెం బడిలో నేను ఫిజిక్స్ చెప్పే రోజుల్లో మా అక్క నా దగ్గరే ఉండేది. పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి, "తమ్మీ, జర పాలు చూడు" అని పెరట్లోకి పోయేది. నాకు ఒళ్ళు మండేది.

"నేను చూసినా చూడకున్నా అవి పొంగేటప్పుడే పొంగుతయక్కా. ప్రకృతి నియమానికి నా కాపలా ఎందుకు?"

నేను పెరటి తలుపు దగ్గర నిలబడి ఇలా వాదిస్తుండగానే, వెనక పాలు పొంగి స్టవ్ ఆరిపోయేది. "నీ నియమం మంచిగనే పనిచేసింది. ఇగ స్టవ్ తుడువు" అని అక్క గుడ్డ నా చేతిలో పెట్టేది.

ఒక వానాకాలం నాకు మలేరియా వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి చలి, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నా పళ్ళు టకటక కొట్టుకునేవి. మాత్ర వేసి, అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నా మొహమే చూస్తుండేది. అంత వణుకులోనూ నా నోరు ఊరుకోలేదు.

"నువ్వు చూస్తే జ్వరం దిగుతదా అక్కా?"

"నేను చూస్తే ఎందుకు దిగుతది? దిగినప్పుడు చెమట పడ్తది. దుప్పటి తియ్యాలె గద."

కళ్ళు మూసుకున్నాను.

నియమాలు ఎవరి కోసమూ ఆగవని పిల్లలకు ఇప్పటికీ చెప్తాను. అది నిజమే. కానీ ఇప్పుడు మా ఇంట్లో పాలు చూసేది నేనే. స్టవ్ ముందు నిలబడ్డప్పుడల్లా ఆ సాయంత్రం గుర్తొస్తుంది. మెలకువ వచ్చేసరికి నా మెడ మీద చెమట తుడిచి ఉంది. దుప్పట్లు మడతపెట్టి కాళ్ళ దగ్గరున్నాయి. స్టూలు మీద అక్క ఇంకా అట్లాగే కూర్చుని ఉంది.