కారు పందెం ఎందుకు తడబడింది

ఎకరం చెరకు పొలం. మూడు కంప్యూటర్లు. షట్టర్‌లో సగం. ఒక మనిషి నడుము. పోయినవి ఇవి. పోగొట్టింది నేను. ఏళ్ళుగా ఈ కూడిక మనసులోనే వేసుకుంటూ మోస్తున్నాను. పైకి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు భయం మరీ పెరిగింది కాబట్టి మీకు రాసి చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. ఆ ధైర్యంతోనే.

నిజామాబాద్‌లో ఒకే షట్టర్ కింద భూమన్న, నేను ఆటల షాపు పెట్టాం. ఎడమవైపు నా టీవీలు, వాటికి తగిలించిన ఆట డబ్బాలు, అంటే గేమ్ కన్సోళ్ళు. కుడివైపు అతని కంప్యూటర్లు. బోధన్ దగ్గరి ఎకరం అమ్మి వాటిని కొన్నాడు. ఎవరి వైపు రాబడి వాళ్ళది. కంప్యూటర్ సంగతి అతనికి తెలియదు. నేనూ ఎక్కడా చదువుకోలేదు గానీ, విప్పి, బిగించి, లెక్క కట్టి నేర్చుకున్నాను. అతని యంత్రాలు చూసుకునేదీ నేనే.

ఒక కారు పందెం ఆట ముందు టీవీ డబ్బాకు వచ్చింది, కొన్ని నెలలకు కంప్యూటర్‌కు. కంప్యూటర్‌లో అది ఎంతో బాగుంది. కుర్రాళ్ళంతా కుడివైపు జరిగారు. నా టీవీలు అప్పు మీద తెచ్చినవి. నా భార్య బీడీలు చుట్టి దాచిందంతా వాటిలోనే ఉంది. ఖాళీ కుర్చీలు చూసినప్పుడల్లా వడ్డీ లెక్క కట్టుకునేవాణ్ణి. భయపడినవాడు ఏదైనా చేయొచ్చా? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు.

మా షాపులో ఓడినవాడే ఇద్దరి డబ్బూ కట్టాలి. అందుకే బొమ్మ ఎంత అందంగా ఉన్నా, మలుపులో కారు ఎప్పుడు ఆగి కదులుతుందో తెలియని యంత్రం ముందు ఎవడూ కూర్చోడు. ఒక ఉదయం భూమన్న టీకి వెళ్ళినప్పుడు మూడు కంప్యూటర్లలోనూ ఆట సెట్టింగులు తెరిచాను. నీడలు, పొగమంచు, తడిరోడ్డు మెరుపు, అన్నీ ఆ యంత్రాలు మోయలేనంత పైకి పెంచాను. అతను తిరిగొచ్చి తెర చూసి మురిసిపోయాడు. "అబ్బ, రోడ్డు మీద నీళ్ళు సుత మెరుస్తున్నయే!" అన్నాడు.

వారం తిరిగేసరికి కుర్రాళ్ళు నా వైపు వచ్చేశారు.

"అన్నా, గదే ఆట నీ డబ్బాల నున్నగ ఉరుకుతది. నా దాంట్ల ఎడ్లబండి లెక్క గుంజుతది. ఏం రోగమొచ్చిందే దీనికి?" అని భూమన్న అడిగాడు.

"రోగం కాదు తమ్మీ. ఆట చేసేటోళ్ళు మొదలు టీవీ డబ్బా కోసమే చేస్తరు. ఎనుక కంప్యూటర్‌కు ఊకె మలిపి ఇడిసిపెడ్తరు. డబ్బాలు ఉన్నన్ని దినాలు దీనికి గిదే గతి."

"ఇంకింత మంచి మిషిన్ కొంటే?"

"కొన్నా గంతే."

అతను నవ్వాడు. "నీ లెక్క ఎన్నడు తప్పింది గనుక! చెరకు బండ్ల పీడ పోవాలని పొలం అమ్మితే, ఈడ సుత బండే దొరికింది నాకు."

నేను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. టీవీ డబ్బా బలానికి కొలిచి చేసి, కంప్యూటర్ మీదికి అట్లాగే తోసేసిన ఆటలు ఉన్నాయి. నేనే చూశాను. మా కారు పందెం మాత్రం అలాంటిది కాదు. దాన్ని వెనక్కి లాగింది ఏ డబ్బా కాదు, నా చెయ్యి. సగం నిజం ఉండబట్టే ఆ మాట అంత నిబ్బరంగా అనగలిగానేమో. సెట్టింగులు ఒక్క మెట్టు దించితే చాలు, ఆట బాగుపడేది. రోజూ షట్టర్ ఎత్తుతూ దించుదామనుకునేవాణ్ణి. దించలేదు.

భూమన్న రెండు కంప్యూటర్లు వచ్చినకాడికి అమ్మేశాడు. మూడోదాన్ని ఎవరూ కొనలేదు, ఇంట్లో దుప్పటి కప్పి పెట్టాడు. అతని సగం షట్టర్‌లో నేను ఇంకో రెండు టీవీలు పెట్టుకున్నాను. అతను పసుపు యార్డులో బస్తాలు మోశాడు. నడుము పడిపోయేదాకా మోశాడు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి టీ తాగుతాడు. పోయిన ఆదివారం ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు సుజాతను వెంట తెచ్చాడు. టీవీ డబ్బాల వల్ల కంప్యూటర్ ఆటలు చెడుతున్నాయా అని వాళ్ళ కాలేజీలో వాదన పెట్టారట. "మా అన్న ఎప్పుడో చెప్పిండు బిడ్డా, అడుగు" అన్నాడు గర్వంగా. ఆ పిల్ల నా వైపు తిరిగి, ఏ ఆట పెద్దబాపూ అని అడిగింది. చెప్పక తప్పలేదు. అది తమ ఇంట్లో దుప్పటి కప్పిన కంప్యూటర్‌లో ఇంకా ఉందని, తీసి చూస్తానని అంది. ఇన్నేళ్ళకు అది నడవదులే అన్నాను. అదీ అబద్ధమే. ఆ యంత్రం నడుస్తుందని నాకు తెలుసు.

రేపు మళ్ళీ ఆదివారం. ఆ పిల్ల సెట్టింగులు తెరుస్తుంది. తడిరోడ్డు మెరుపు తగ్గిస్తుంది. కారు నున్నగా ఉరుకుతుంది. అప్పుడు పక్కన నడుముకు చెయ్యి ఆనించుకుని నిలబడ్డ తండ్రి ముఖంలోకి చూస్తుంది. అతను తిడతాడన్న భయం నాకు లేదు. ఏమీ అనకుండా మా ఇంటికొచ్చి, ఎప్పటిలాగే టీ అడుగుతాడేమోనని భయం.

నేనే చేశాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే, అంతకుమించి ఏమీ తేలలేదు. ఆ షట్టర్ ఎప్పుడో మూతపడింది, కంప్యూటర్లు పాతబడ్డాయి. నడుముకు అంకె కట్టడం నాకు రాదు. కట్టగలిగింది ఒక్కటే. భూమన్నకు ఈనాటికీ నా బాకీ, ఒక ఎకరం.